గుమ్మటం మీద గచ్చు దరువు

ఆదోని మీదికి దండెత్తి వచ్చినవారికి లోటు లేదు. విజయనగరం వెళ్ళిపోయాక బిజాపూరు వచ్చింది, బిజాపూరు తర్వాత మొగలాయీలు, వారి వెనక నిజాము, నిజాము వెనక కుంపిణీ దొరలు. ఇంతమంది కట్టగట్టుకుని వచ్చినా మా మిల్లు వెనకున్న గుమ్మటాన్ని మూడున్నర శతాబ్దాలపాటు ఏమీ చేయలేకపోయారు. ఆ పని నెరవేరడానికి చివరికి చరిత్రలో ఎమ్మే పట్టా పుచ్చుకున్నవాడొకడు అవసరమయ్యాడు. ఆ ఘనుణ్ణి నేనే.

మాది పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు. మా తాత కట్టించాడు. ప్రహరీ గోడ లేస్తున్నప్పుడు స్థలం చివర ఈ గుమ్మటం అడ్డొచ్చిందట. పడగొడదామన్నాడట మేస్త్రీ. మా తాత మేస్త్రీని మార్చి, గోడను వంకర తిప్పించాడు. ఆ గోడ నేటికీ తిన్నగా సాగి సాగి, పెద్దమనిషి ఎదురైనప్పుడు కండువా సర్దుకున్నట్టు, గుమ్మటం దగ్గర వినయంగా పక్కకు తప్పుకుంటుంది.

కట్టడం బిజాపూరు తరహా. నల్లరాతి చదరపు గది, మూలకొక పొట్టి మినారు, గది పైన చదునైన మిద్దె, మిద్దె నడుమ తామర రేకుల్లోంచి మొగ్గలా లేచిన గుమ్మటం. లోపల ఒకే ఒక గోరీ, ఒక పీరుది. ఏటా కొత్త పత్తి మిల్లుకు చేరిన రోజున గణపతికి శనగలు, గోరీకి చక్కెర చదివింపులు అయ్యాకే మా ఇంట్లో ఎవరైనా మోటారు మీట మీద చేయి వేస్తారు. శనగలు మా అమ్మ చూసుకునేది, ఇప్పుడు నా భార్య మల్లేశ్వరి చూసుకుంటోంది. చక్కెర మాత్రం గోరీని కనిపెట్టుకుని ఉండే ముజావరు మౌలాలి మామ చేతి మీదుగానే పోవాలి. ఆయన తండ్రీ తాతలూ కూడా ఆ గడపలోనే ముసలివాళ్ళయ్యారు.

మూడేళ్ళ కిందటి వానకు లోపల ఒక చుక్క కారింది. ఒక్కటంటే ఒక్కటే. సున్నం పని తెలిసినవాళ్ళను వెతికిద్దామన్నాడు మా నాయన రామలింగయ్య. నేను ఎమ్మిగనూరులో డిగ్రీ పిల్లలకు పాతికేళ్ళుగా దక్కను సుల్తానుల కట్టడాలను బోధిస్తున్నవాణ్ణి. ఆ కాలపు సున్నపు గచ్చులో ఏమేం కలిపేవారన్నది మా పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. జవాబు నాకు కంఠతా వచ్చు. అంతటివాణ్ణి, మా నాయనకు కాలం మారిందని ఒక ఉపన్యాసం దంచి, మా గోదాము కప్పు వేసిన కాంట్రాక్టరును పిలిపించి, గుమ్మటానికి రెండంగుళాల మందాన సిమెంటు పట్టాభిషేకం చేయించాను. పైన నీళ్ళు దిగని రంగు. గోదాముకు వాడగా మిగిలింది నీలమే గనక సుల్తానుల వాస్తుశిల్పం నీలవర్ణం దాల్చింది. పని అప్పగించే కాగితాల మీద సంతకం మా నాయనదే.

సున్నం ఊపిరి తీస్తుంది. సిమెంటు తీయనివ్వదు. లోపలికి చేరిన చెమ్మ బయటికి దారి లేక మూడేళ్ళు గోడల్లోనే తిరిగింది. ఈ ఫాల్గుణంలో, మౌలాలి మామ నమాజు చేసుకుంటుండగా, గుమ్మటం కడుపులోంచి చపాతీ పీటంత పెళ్ళ ఊడి ఆయనకు జానెడు దూరంలో పడింది. వారం తిరక్కుండానే పురపాలక కార్యాలయం వాళ్ళు వచ్చి తాఖీదు అంటించారు. కట్టడం ప్రమాదకరంగా ఉంది. తొలకరి వానలో వచ్చి తనిఖీ చేస్తాం. అప్పటికీ లోపల నీరు కారుతుంటే పడగొడతాం.

ఆ రోజునుంచి మా నాయన నాతో మాట్లాడటం మానేశాడు.

మానేశాడంటే పూర్తిగా మానేయలేదు. ఇద్దరు చక్రవర్తులు పోట్లాడుకున్నా రాయబారాలు నడుస్తూనే ఉంటాయి గదా. మా ఇంట్లో ఆ పదవి మల్లేశ్వరికి దక్కింది. ఉగాది మర్నాడు పొద్దున ఉగ్గాని తింటున్నాం, నేనూ ఆయనా మూరెడు దూరంలో కూర్చుని.

"మల్లేశ్వరీ, మీ ఆయనకు ఒక మాట సెప్పమ్మా. మృగశిరకు ఇంగ రెండు నెల్లే ఉండాది."

"ఇన్న్యారా?" అంది మల్లేశ్వరి నా వైపు తిరిగి.

"ఇన్న్యా. ఏం సెయ్యమంటాడో అడుగు."

"ఏం సెయ్యల్లో అడగమంటాండాడు మామా."

"సెడగొట్టేటప్పుడు నన్ను అడిగినాడేమో అడుగు."

"అడిగిన్యా. సంతకం పెట్టింది ఎవురో కూడా అడుగు."

మల్లేశ్వరి చేతిలోని గరిటెను గిన్నెలో పెట్టేసింది. "ఈ మాట నేను మొయ్యనప్పా. బరువెక్కువుండాది. మీరే ఎత్తుకోని పోండి."

ఎవరూ ఎత్తుకోలేదు. ఆ మాట ఉగ్గాని గిన్నె పక్కన అలాగే పడి ఉండగా ఇద్దరం లేచి చేతులు కడుక్కున్నాం.

*

దారి చూపినవాడు మౌలాలి మామ. "సిప్పగిరి పక్క ఉచ్చీరమ్మ అని ఒకామె ఉండె బేటా. మీ తాత దినాల్లో మిద్దె మీద గచ్చు కొట్టనీకి వచ్చిన పిల్ల. ఉంటే ఆమె ఒక్కతే ఉండల్ల" అన్నాడు. భరణి కార్తె పుట్టింది. కాలేజీకి సెలవులిచ్చారు. మోటారు సైకిలు మీద బయల్దేరాను.

చిప్పగిరి దాటి మూడు మైళ్ళు పోయాక, ఊరి వంకలో పూడిక తీసే కరువు పని జరుగుతోంది. ఉపాధి హామీ పథకానికి మా వైపు జనం పెట్టుకున్న నిజాయితీ గల పేరు అది. పాతికమంది ఆడవాళ్ళ మధ్య, తుమ్మ మొద్దులా నల్లగా, సన్నగా, డెబ్బై దాటిన ఒకామె పార పట్టుకుని నిలబడి ఉంది.

"ఉచ్చీరమ్మంటే నువ్వేనా అవ్వా?"

"నేనే. నువ్వు యాడోనివప్పా? బ్యాంకోనివా?"

"కాదవ్వా. ఆదోని. రామలింగయ్య సావుకారి కొడుకును."

"మిల్లు గుమ్మటమోళ్ళా!" ఆమె పార కింద పెట్టింది. ముఖంలో ఏదో పుట్టింటి కబురు అందిన వెలుగు. "దాని మిద్దె మింద గచ్చు కొట్టిన్యాను నేను, పెండ్లయిన కొత్తల్లో. ఎట్లుండాదప్పా అది? బాగుండాదా?"

నా ముప్పైఏళ్ళ విద్యా జీవితంలో ఇంత కష్టమైన ప్రశ్న ఎదురుపడలేదు.

"సిమెంటు పూసిన్యామవ్వా."

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. "ఎవురు పూయమన్నెరు?"

"నేనే."

"సదువుకోల్యా నువ్వు?"

"సదువుకున్న్యా. గుమ్మటాల గురించే సదువుకున్న్యా."

గంపలెత్తుకున్న ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఉచ్చీరమ్మ వాళ్ళవైపు తిరిగి, "ఇన్న్యారేమ్మే? గుమ్మటాల సదువంట!" అంది. వంకంతా నవ్వింది. ఎండిన వంకలో నవ్వు ఎంత దూరం పోతుందో అప్పుడే తెలుసుకున్నాను.

నవ్వు సద్దుమణిగాక ఆమె నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, మెల్లగా అడిగింది. "కోడిగుడ్డుకు సిమెంటు పూస్తే లోపలుండే పిల్ల ఏమైతాదప్పా?"

నీళ్ళు తాగి చెంబు పక్కన పెట్టాను. తాఖీదు సంగతి చెప్పాను. ఆమె వేళ్ళ మీద కార్తెలు లెక్కపెట్టుకుంది.

"సున్నం ఇరవై దినాలు గుంతలో నానల్ల. కదిలియ్యకూడదు. ఆ మింద గానుగలో ఇసకతో ఆడల్ల. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు నేను కలుపుతా. నేను గాక ఎనిమిది మంది ఆడోళ్ళు కావల్ల, తీసుకోనొస్తా. మూడు దినాలు కొట్టల్ల, పొద్దు పొడిసినప్పట్నించి మునిగేదాకా. నడమ ఒక పూట ఇడిసిపెడితే బీట్లు ఇస్తాది, ఆ బీట్లోంచి నీళ్ళు దిగుతాది. రోహిణిలో కొడితేనే మృగశిరకు గట్టిపడతాది. సరేనా?"

"సరేనవ్వా."

"ఇంగోటి. మేము కొట్టేటప్పుడు ఎవురూ మాకు సదువు సెప్పకూడదు."

*

సున్నపు రాయి వచ్చింది. గుంత తవ్వించి, నీళ్ళు పోసి, నానబెట్టాము. గుంత గుడగుడ ఉడికి చల్లబడింది. గానుగ రాయే దొరకలేదు. మనిషి నడుమెత్తు చక్రంలాంటి రాయి అది, గుండ్రటి కాలువలో ఎద్దులు తిప్పుతుంటే కిందపడిన సున్నం వెన్నలా నలగాలి. వారంపాటు తిరిగాను. పాత గానుగలన్నీ ఎప్పుడో రోడ్ల కింద కంకర అయిపోయాయి.

ఒక మధ్యాహ్నం మల్లేశ్వరి వచ్చి, ముఖంలో ఏ భావమూ లేకుండా, రాయబారి మర్యాద తప్పకుండా చెప్పింది. "మామ సెప్పమన్నాడు. గేటు కాడ రాయి ఒకటి పడుండాదంట. పోయేటప్పుడు కాలికి తగులుతాది, సూసుకోని నడవమన్నాడు."

పరుగెత్తాను. గానుగ రాయి. అంచులు అరిగి, నడిమి బెజ్జం నూనె పూసినట్టు మెరుస్తోంది. మిల్లు లారీ డ్రైవరు తర్వాత నాకు రహస్యం విప్పాడు. కౌతాళం కాలువ పక్క రచ్చ దగ్గర జనం కూర్చోవడానికి వాడుకుంటున్న రాయి అది. డెబ్బై నాలుగేళ్ళ మా నాయన ఎండలో స్వయంగా వెళ్ళి, కన్నడంలో కాసేపు, తెలుగులో కాసేపు ఆ ఊరివాళ్ళను బతిమాలి, దానికి బదులు రెండు సిమెంటు బెంచీలు వేయించి మరీ తెచ్చాడట. సిమెంటు ఎట్టకేలకు తగిన చోటికి చేరింది.

"మీ మామకు సెప్పు, రాయి తగిలింది, శానా సంతోషమని" అన్నాను.

"ఈ మాట మోస్తా. తేలిగ్గా ఉండాది" అంది మల్లేశ్వరి.

కృత్తిక కార్తె అంతా సిమెంటు వలవడంలోనూ, నానిన సున్నాన్ని గానుగలో ఆడించడంలోనూ గడిచింది. ఉచ్చీరమ్మ ఉలి వాలు చూపించింది. నేనూ ఇద్దరు కూలీలూ పరంజా మీద కూర్చుని, కింద ఉన్న పాత గచ్చుకు దెబ్బ తగలకుండా, కమలాతొన పొట్టు వలిచినట్టు నా అజ్ఞానాన్ని పెచ్చులు పెచ్చులుగా వలిచాము. అజ్ఞానం చాలా గట్టిగా అతుక్కుని ఉంది. నాసిరకం పని చేయించానన్న అపవాదు మాత్రం నాకు ఎవరూ అంటగట్టలేరు.

అంతలో కొత్త చిక్కు. ఆడవాళ్ళు పైకెక్కుతారని తెలిసి మౌలాలి మామ గడపలో తల పట్టుకుని కూర్చున్నాడు.

"పీరు నెత్తిమింద కాళ్ళు పెట్టినట్టు ఐతాది గదా బేటా. ఆడోళ్ళు మల్ల. ఆయన ఏమనుకుంటాడో."

"నువ్వే అడుగు మామా. నీకు తెలిసినంతగా ఆయన ఇంగెవరికి తెలుసు?"

మర్నాడు తెల్లారి వచ్చి, ముఖం విప్పార్చుకుని, "ఫాతెహా ఇచ్చి అడిగిన్యా" అన్నాడు.

"ఏమన్నాడు?"

"ఏమీ అనల్యా. మూడునూర్ల ఏండ్లలో ఎప్పుడన్నా ఏమన్నా అన్నాడా? వద్దనలేదంటే ఒప్పుకున్నట్టే. ఐనా, మర్యాద మర్యాదే. వాళ్ళు పైనున్నంతసేపూ గోరీకి నిండుగా దుప్పటి కప్పి పెడతా. ఆయన కండ్లు మూసుకోనుంటాడు."

*

రోహిణి రెండో రోజున ఉచ్చీరమ్మ సైన్యం రెండు ఆటోల్లో దిగింది. రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు. మా రోలు ఆ వారం బయటికి రాలేదు గానీ, వచ్చి ఉంటే పగిలేదే. గుమ్మటం వంపు మీద గచ్చు పూసి, నున్నటి గుండ్రాళ్ళతో అద్దంలా రుద్దారు. అది ఒక ఎత్తు. వాన నీళ్ళు నిలిచేది మాత్రం చుట్టూ ఉన్న మిద్దె మీద. దాని మీద అంగుళాలకొద్దీ గచ్చు పరిచి, చెక్క పిడుల దిమ్మెలతో దరువు వేయాలి. బెల్లం నీళ్ళు చిలకరించడం, కొట్టడం, కరక్కాయ నీళ్ళు చిలకరించడం, కొట్టడం. ఎనిమిదిమంది వరసగా గొంతు కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ కొడుతుంటే, ఉచ్చీరమ్మ చెవి ఒగ్గి నిలబడేది. పచ్చి గచ్చు తప్పతప్పమంటుంది. గట్టిపడేకొద్దీ గొంతు మారుతుంది. "ఇంగా పిల్లగొంతే ఉండాది, కొట్టండమ్మే" అనేది.

పాట లేనిదే దరువు కుదరదు. పాట ఉచ్చీరమ్మ ఎత్తుకునేది, వరస అందుకునేది. అక్కడికక్కడ కట్టే పాట. కట్టడానికి వాళ్ళకు నాకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది?

"సల్లంగ గుమ్మటం నిద్దర పోతాంటే
గొంతు పిసికిందెవరమ్మ ఎవరు?"

"సారమ్మ సారు! సదువుల సారు!"

నేను కుండలతో నీళ్ళు మోస్తున్నాను. రెండు రోజులు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కనీసం మూడువందల సార్లు నేను గుమ్మటం గొంతు పిసికాను. మా నాయన కింద మిల్లు వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నట్టు కనబడేవాడు. ఆ రెండు రోజులూ ఆయన చేతిలో ఉన్నది ఒకే పేపరని మల్లేశ్వరి గమనించింది.

మూడో రోజు పొద్దున ఏడు గంటలకు ఉచ్చీరమ్మ సెల్లు మోగింది. ఊళ్ళో పెద్దాయన ఒకాయన చనిపోయాడు. ఎనిమిదిమందిలో ఐదుగురికి దాయాది. వెళ్ళక తప్పదు. వాళ్ళు దిమ్మెలు కింద పెట్టి, చేతులు కడుక్కుని, మా ముఖాలు చూడలేక చూడలేక ఆటో ఎక్కారు.

"నీకూ సుట్టమే గదా అవ్వా. నువ్వు పోవా?" అన్నాను.

"సచ్చినోడు యాడికీ పోడు. రేపన్నా పోయి ఏడుస్తా. సున్నం బతికుండాది" అంది ఉచ్చీరమ్మ. ఆగి, మిద్దెను కళ్ళతో కొలిచింది. "నలుగురితో ఐతే కాదప్పా. ఈ పూట ఇడిస్తే బీట్లే. తాఖీదోళ్ళకు మనమే గుమ్మటాన్ని అప్పజెప్పినట్టు."

నేను కుండ దించి దిమ్మె పట్టుకున్నాను. మల్లేశ్వరి కొంగు బిగించి మెట్లెక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. మౌలాలి మామ మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని, నీళ్ళు నేను పోస్తానన్నాడు. ఆరుగురం. ఉచ్చీరమ్మ మొదటి దెబ్బ వేసింది. పదిహేను నిమిషాల్లో నా అరచేతులు బొబ్బలెక్కాయి. మల్లేశ్వరి చేతులు నాకన్నా ముందే ఎక్కాయి గానీ, ఆమె చెప్పలేదు. వరస చివర ఒక మనిషి మేర ఖాళీ. అక్కడ గచ్చు మెల్లగా రంగు మారుతోంది.

గోడలోని ఇరుకు మెట్ల మీద ఎవరో ఎక్కి వస్తున్న చప్పుడైంది. ఎక్కుతూ ఎక్కుతూ ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎక్కుతున్నారు.

మా నాయన. ఆయన తెల్ల చొక్కా మడత నలగడం నేను నా జీవితంలో చూడలేదు. ఆ చొక్కా విప్పి, నాలుగు మడతలు పెట్టి, పిట్టగోడ మీద పెట్టి, దాని మీద కళ్ళజోడు పెట్టి, పంచె ఎగగట్టి, ఖాళీ చోటులో కూర్చున్నాడు. ఆ చోటు నా పక్కనే. ఎవరివైపూ చూడకుండా దిమ్మె అందుకున్నాడు.

"పిడి కొసలో పట్టుకో సావుకారీ" అంది ఉచ్చీరమ్మ. "తక్కెడ మాదిరి తూగల్ల, కొట్టినట్టు కాదు."

"తక్కెడ నాకు తెలుసులేమ్మా" అన్నాడు.

నిజంగానే తెలుసు. నాలుగు దెబ్బల్లో ఆయన దరువు మాతో కలిసింది. ఉచ్చీరమ్మ ఎవరికోసమూ పాట మార్చే మనిషి కాదు.

"సల్లంగ గుమ్మటం నిద్దర పోతాంటే
గొంతు పిసికిందెవరమ్మ ఎవరు?"

మిగిలిన ముగ్గురు ఆడవాళ్ళు సావుకారి ముఖం చూసి, జంకి, నోరు మూసుకున్నారు. జవాబు రాకపోతే దరువు కుంటుతుంది. కుంటింది. ఒక దెబ్బ ఖాళీగా పోయింది. రెండో దెబ్బ కూడా పోబోయింది.

అప్పుడు నా ఎడమ పక్కనుంచి, ఏ రాగమూ లేని, కమీషన్ కొట్టులో వేలం పాడి పాడి బొంగురుపోయిన గొంతు ఒకటి లేచింది.

"ఇద్దరమమ్మ ఇద్దరము."

ఉచ్చీరమ్మ దిమ్మె దింపి ఎత్తింది, అంతే. ఆడవాళ్ళు అందుకున్నారు. ఇద్దరమమ్మ ఇద్దరము. ఎవరూ ఆగలేదు, ఎవరూ ఎవరివైపూ చూడలేదు. ఆగే వీలు కూడా లేదు, గచ్చు ఇంకా పచ్చిగానే ఉంది. మేము వెనక్కి జరిగాం, కొట్టాం, మళ్ళీ జరిగాం. చెమట కళ్ళలోకి దిగుతోంది గనక నా కళ్ళ సంగతి విడిగా చెప్పనవసరం లేదు.

నడిపొద్దుకు మా నాయన దిమ్మె కింద పెట్టి, నా వైపు చేయి చాపాడు. "ఆ సెంబు ఇటియ్యప్పా."

ఇచ్చాను. తాగాడు. చెంబు నాకే తిరిగిచ్చాడు. "నువ్వు గూడ తాగు. పెదాలు ఎండిపోయినాయి."

మల్లేశ్వరి కరక్కాయ నీళ్ళు చిలకరిస్తూ ఎవరితోనూ కాకుండా అంది. "నా ఉద్యోగం పాయె."

సాయంత్రానికి మిద్దె గొంతు మారింది. ఉచ్చీరమ్మ గుమ్మటం చుట్టూ తిరుగుతూ, వేలి కణుపుతో అక్కడక్కడా తట్టింది. కంచు గిన్నెను తట్టినట్టు పలికింది. "పెద్దమనిషైంది" అంది. తడి గోనెపట్టలు కప్పి, పెళ్ళి జరిపించిన పెద్దల్లాగా మెట్లు దిగాం. మా నాయన చొక్కా పైనే మరిచిపోయాడు.

*

మృగశిర రెండోరోజు మధ్యాహ్నం కౌతాళం దిక్కున మబ్బు కమ్మింది. వాన కన్నా ముందు తాఖీదు తాలూకు ఇంజనీరు వచ్చింది. పేరు శిరీష. ముప్పై దాటని మనిషి, రెయిన్‌కోటు, చేతిలో అట్టకు బిగించిన ఫారం. ఎవరి పలకరింపుకూ ఎక్కువ కరగకూడదని గట్టిగా తీర్మానించుకున్నట్టున్న ముఖం.

వాన మొదలైంది. ఆదోని వాన సగం చేసి పోయే రకం కాదు. వస్తే కొండల మీది బండలన్నీ కడిగి గానీ వదలదు. గుమ్మటం లోపల, పొద్దున్నే వచ్చిన ఉచ్చీరమ్మతో సహా ఆరుగురం, గోరీతో కలిపి ఏడుగురం, తలలెత్తి నిలబడ్డాం. పైన వాన పడుతున్న మోత లోపల గుండ్రంగా తిరుగుతోంది. మా విద్యార్థులు పరీక్ష ఫలితాల కోసం ఎలా నిలబడతారో ఇన్నేళ్ళూ బల్లకు ఇవతలనుంచే చూశాను. అవతలనుంచి చూడటం అదే మొదలు.

అరగంట. ఒక్క చుక్క లేదు. ముప్పావు గంట. మౌలాలి మామ పెదాలు కదులుతున్నాయి. గంట దాటాక, పడమటి మూలన, గుమ్మటం గోడకు అతికే చోట, అరచేయంత మరక లేచింది. అందరం చూశాం. ఇంజనీరు కూడా చూసింది. టార్చి వేసింది. నిచ్చెన అడిగి ఎక్కి, మరక మీద అరచేయి ఆనించింది.

"తడి ఉంది" అంది.

మా నాయన గోడకు చేయి ఆనించుకున్నాడు.

"తడుంటాదమ్మా" అంది ఉచ్చీరమ్మ. "కొత్త సున్నం గదా, తాగతాది. తాగి తాగి దానంతట అదే మూసుకుంటాది. కారల్యా గదా? సెయ్యి సూడు, నీళ్ళు అంటిందా?"

ఇంజనీరు అరచేయి చూసుకుంది. వేళ్ళు రుద్దుకుంది. కిందికి దిగింది. "తెలుసవ్వా. సున్నం బీటలు అదే పూడ్చుకుంటుందని మా పుస్తకంలో కూడా ఉంది."

"ఉండాదా!" ఉచ్చీరమ్మకు పుస్తకాల మీద మొదటిసారి గౌరవం కలిగినట్టుంది. "ఎవురు సెప్పిన్యారో వాళ్ళకు."

ఇంజనీరు నవ్వకుండా ఉండటానికి కొంచెం కష్టపడి, ఫారం మీద పడగొట్టే మాట ఉన్న పంక్తిని అడ్డంగా కొట్టేసింది. పెన్ను చేసిన ఆ చిన్న గీకుడు, వాన మోతలో కూడా, లోపలున్న అందరికీ వినబడింది. మౌలాలి మామ గోరీ పక్కన మెల్లగా కూలబడి, దాని అంచు మీద చేయి వేసి నిమిరాడు.

"ఒక షరతు" అంది ఇంజనీరు. "మూడేళ్ళపాటు ప్రతి ఎండాకాలమూ మరమ్మతు జరగాలి. దానికి బాధ్యుల పేరు రాయాలి. స్థలం యజమాని పేరు కాదు, పని చేతనైన మనిషి పేరు."

అందరం ఉచ్చీరమ్మను చూశాం.

"నా పేరు వద్దప్పా. వచ్చే రోహిణికి నేనుంటానో, పీరు పక్కనుంటానో. సెప్పమంటే మాత్రం సెప్తా. కూకోని సెప్తా."

వాన కాస్త తెరిపిచ్చింది. మా నాయన గొంతు సవరించుకున్నాడు.

"రాసుకోమ్మా. ఉమేష్. తండ్రి రామలింగయ్య."

ఆమె రాసుకుంది. "వృత్తి?"

"చరిత్ర అధ్యా..." అని నేను మొదలుపెట్టాను.

"గచ్చు కూలి అని రాయమ్మా" అన్నాడు మా నాయన. నా చేయి పట్టుకుని, బొబ్బలు ఎండి కాయలు కట్టిన అరచేతిని ఇంజనీరు వైపు తిప్పి చూపించాడు, మేలురకం పత్తిని గిరాకీకి చూపించినట్టు. "సూడు, అబద్ధం కాదు."

ఇంజనీరు ఆ చేతిని చూసి, నా ముఖం చూసి, రాసింది. నాకు విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టాలు మూడున్నాయి. వాటిని ఇచ్చేటప్పుడు ఎవరూ నా చేయి పట్టుకోలేదు.

ఉచ్చీరమ్మ గడపలో కూర్చుని, తడిసిన కొంగు పిండుకుంటూ, తల తిప్పకుండానే అంది.

"కూలోడంటే పొద్దున ఆరు గంటలకే రావల్లప్పో, సారూ."